సోలార్ యూనిట్లు తగ్గాయా? ఏఎంసీ కట్టే ముందు ఇవి చూడండి

మీరు రాసింది ఇదీ. కవిటి దగ్గర ఊళ్లో డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్, 2024 నవంబరులో సబ్సిడీ పథకం కింద బిగించారు. మొదటి డిసెంబరులో రోజుకి 12 యూనిట్లు వచ్చేవి, ఏడాది తిరిగాక ఈ డిసెంబరులో 9 దాటట్లేదు. ఇంట్లో నెలకి 400 యూనిట్ల వాడకం. బిగించిన కంపెనీవాళ్లని అడిగితే "ప్లేట్లు వీక్ అయ్యాయి, ఏడాదికి 6,000 కట్టి ఏఎంసీ, అంటే మెయింటెనెన్స్ కాంట్రాక్టు, తీసుకోండి" అన్నారు. కట్టాలా వద్దా?

ఇప్పుడే కట్టకండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పదకొండేళ్లుగా సోలార్ బిగిస్తూ, బాగుచేస్తూ ఉన్నాను. "ప్లేట్లు వీక్ అయ్యాయి" అనే మాట ఏడాది వయసున్న ప్యానెల్ గురించి ఎవరన్నా అంటే, వాళ్లు డాబా ఎక్కి చూడలేదని అర్థం. మంచి ప్యానెల్ మొదటి ఏడాది రెండు శాతం అటూ ఇటూగా తగ్గుతుంది, ఆ తర్వాత ఏటా అర శాతం చొప్పున. అందుకే 25 ఏళ్ల తర్వాత కూడా 80 శాతం పైన ఇస్తుందని కంపెనీలే వారంటీ రాసిస్తాయి. రెండు శాతం అంటే మీ 12 యూనిట్లలో పావు యూనిట్. మీకు పోయింది మూడు యూనిట్లు. అది వయసు వల్ల కాదు, వేరే ఏదో జరుగుతోంది.

ఇంకో సంగతి. పీఎం సూర్యఘర్ పథకం కింద బిగించిన కంపెనీ ఐదేళ్లపాటు మెయింటెనెన్స్ చూడాలి. 78,000 సబ్సిడీకి పెట్టిన కాగితాల్లోనే ఆ అగ్రిమెంట్ ఉంటుంది, మీ సంతకం కూడా ఉంటుంది. తీసి చదవండి. తుడుచుకోవడం మన పని. పాడైన వస్తువు చూసి బాగుచెయ్యడం వాళ్ల పని. రెండో ఏడాదికే దానికి మళ్లీ డబ్బు అడుగుతున్నారంటే దేనికని కాగితం మీద రాసిమ్మనండి.

డబ్బు లెక్క కూడా ఒకసారి చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే కంగారు పడతారు. ఇళ్లకి మన దగ్గర శ్లాబు రేట్లు కదా: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. నెట్ మీటర్ ఉంటే వాడినదాంట్లోంచి మన తయారీ పోగా మిగిలినదానికే ఈ రేటు. పోయినేడు నెలకి 360 తయారై 40 మిగిలేవి, వాటి ఖరీదు 87 రూపాయలు. ఇప్పుడు 270 తయారై 130 మిగులుతున్నాయి, 447 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలూ అవీ పక్కనపెడితే తేడా నెలకి 360. ఏడాదంతా ఇలాగే పోయినా 4,320. దాన్ని ఆపడానికి 6,000 కట్టమంటున్నారు! అలాగని 360 వదిలెయ్యమనట్లేదు. వచ్చే పాతికేళ్లూ అదే మన పొదుపు. పైగా తగ్గడానికి కారణం ప్యానెళ్ల వైర్లని కలిపే కనెక్టర్ ఒకటి కాలిపోతూ ఉండటం అయితే విషయం డబ్బుతో ఆగదు.

కాబట్టి వరసగా చూసుకుంటూ పోదాం.

ముందు ఒక నోటుబుక్కు కొనండి. ఫోన్‌లో యాప్ ఉంది కదా అంటారు. వైఫై పోతే యాప్‌లో గ్యాపులు పడతాయి, ఆ కంపెనీ సర్వర్ మారితే పాతవన్నీ పోతాయి. ఇన్వర్టర్ అంటే ప్యానెళ్ల డీసీ కరెంటుని ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె, దాని తెర మీద ఆ రోజు యూనిట్లు కనపడతాయి. సాయంత్రం దీపం పెట్టే వేళకి అది చూసి తేదీ, యూనిట్లు, ఎండా మబ్బా, ఇంతే రాయండి. ఒక నెల రాస్తే మీ ఇంటి ధోరణి మీకే తెలుస్తుంది. పోల్చేటప్పుడు మాత్రం ఏప్రిల్‌తో డిసెంబరుని పోల్చకండి. డిసెంబరుని డిసెంబరుతోనే పోల్చాలి. మూడు కిలోవాట్లకి మన వైపు మార్చి, ఏప్రిల్‌లో 14 కూడా వస్తాయి, ఆషాఢ శ్రావణాల్లో తొమ్మిదీ పదీ వస్తే గొప్ప. ఏడాది సగటు 12 దగ్గర ఉంటే మీ సిస్టమ్ బాగున్నట్టే. మీరు డిసెంబరుతో డిసెంబరుని పోల్చారు, అది సరైన పద్ధతే, అందుకే మీ అనుమానాన్ని సీరియస్‌గా తీసుకుంటున్నాను.

ఇప్పుడు నీడ. మీది ఉద్దానం, చుట్టూ కొబ్బరి. నా మొదటి అనుమానం దాని మీదే. మన అక్షాంశం 19 డిగ్రీల దగ్గర. ధనుర్మాసంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు 48 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. ప్యానెల్ మట్టం కంటే పది అడుగులు పైకి ఉన్న చెట్టుకి మధ్యాహ్నం తొమ్మిది అడుగుల నీడ పడుతుంది, మూడు గంటలకి దానికి రెట్టింపు. పోయినేడు పిట్టగోడ దాకా వచ్చి ఆగిన నీడ, చెట్టు ఒకటిన్నర అడుగు ఎదిగి ఒక మట్ట అటువైపు వాలితే ఈ ఏడు ప్యానెల్ మీదకి వస్తుంది.

ఒక్క మట్ట నీడకి ఏమవుతుందిలే అనుకోవద్దు. మీ ఆరు ప్యానెళ్లూ వరసగా, ఒకదాని చివర ఇంకోటి కలిపి ఉంటాయి. పొలానికి నీళ్లు పారే కాలవలో ఒకచోట గడ్డి అడ్డం పడితే కింద మడులన్నిటికీ తగ్గుతుంది, అలాంటిదే ఇది. పూర్తిగా ఆగిపోకుండా ప్రతి ప్యానెల్ వెనకా డబ్బాలో మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి, నీడ పడిన భాగాన్ని దాటేసి కరెంటు పోనిస్తాయి. కానీ అప్పుడు ఆ ప్యానెల్‌లో మూడో వంతు లేనట్టే. సన్నటి నీడ అడ్డంగా పడి మూడు భాగాలనీ తాకితే ప్యానెల్‌ని బట్టి సగమో మొత్తమో పోయినంత పని. రోజూ గంటల తరబడి ఇలా జరిగితే నీడలో ఉన్న సెల్ వేడెక్కుతుంది, అక్కడ గోధుమరంగు మచ్చ పడుతుంది, డయోడ్ కూడా అలసిపోయి ఒకరోజు కాలిపోతుంది. అప్పుడు నీడ తీసేసినా ఆ భాగం తిరిగి రాదు.

మే నడిమి నుంచి జూలై ఆఖరు దాకా వ్యవహారం తిరగబడుతుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి దాటి కాస్త ఉత్తరానికి పోతాడు. ఉత్తరం వైపు ప్యానెల్‌కి ఆనించి నీళ్ల ట్యాంకు ఉంటే ఆ రెండున్నర నెలలూ దాని నీడ పడొచ్చు. బిగించేవాళ్లలో దీన్ని చూసుకునేవాళ్లు తక్కువ. డిష్ యాంటెన్నా, బట్టలారేసే తీగ, పండగకి కట్టి వదిలేసిన జెండా కర్ర, ఇవన్నీ నేను దింపించినవే.

నీడ కాకపోతే మురికి. దీనికో చిన్న పరీక్ష ఉంది. మబ్బులేని రోజున సరిగ్గా పన్నెండు గంటలకి ఇన్వర్టర్ తెర మీద ఎన్ని వాట్లు చూపిస్తోందో రాసుకోండి. మర్నాడు తెల్లారి ప్యానెళ్లు కడిగి, అదే పన్నెండుకి మళ్లీ చూడండి. తేడా మూడు శాతం లోపు ఉంటే మీ సమస్య మురికి కాదు. పది శాతం ఉంటే కడగడంలో నెల ఆలస్యం చేశారన్నమాట.

మురికి అన్ని ఊళ్లలో ఒకటి కాదు. నరసన్నపేట చుట్టుపక్కల రైస్ మిల్లుల ఊక బూడిద పడుతుంది, పైపుతో కొడితే పోతుంది. టెక్కలి వైపు గ్రానైట్ పొడి, మంచుకి తడిసి ఆరితే సిమెంటులా పట్టేస్తుంది. పలాస, కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీల పొగ జిడ్డుగా ఉంటుంది, వట్టి నీళ్లకి కదలదు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు బకెట్ నీళ్లలో కలిపి మెత్తటి గుడ్డతో తుడిచి బాగా కడగాలి. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీలకి దగ్గరలో ఉంటే నల్లటి ధూళి. మీకు డిసెంబరులో వరి నూర్పుల దుమ్ము ఉండే ఉంటుంది. దాని మీద మంచు పడి, కింది ఫ్రేము అంచున వేలెడు వెడల్పు బురద గీతలా గడ్డకడుతుంది. పైనంతా తళతళలాడుతూ ఉంటుంది, ఆ అంచు మాత్రం ఎవరికీ కనపడదు. ప్యానెల్ ఏ వాలులో ఉన్నా నీళ్లు చివరికి ఆరేది అక్కడే. కడిగినప్పుడు ఆ అంచుని పాత టూత్ బ్రష్షుతో ఒకసారి గీకండి.

కడిగే వేళ తెల్లవారుజామునే. పన్నెండింటికి అద్దం కాలిపోతూ ఉంటుంది, దాని మీద చల్లటి నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. పొద్దున్నే మంచు తడి మీద కడిగితే నీళ్లూ తక్కువ పడతాయి. నెలకోసారి చాలు, నూర్పుల రోజుల్లో పదిహేను రోజులకోసారి. వానాకాలంలో పిట్ట రెట్టలు ఉంటే తప్ప ముట్టుకోనక్కర్లేదు. రెట్టని మాత్రం ఎండిపోనివ్వకండి. అది కూడా చిన్న నీడే, రోజంతా కదలని నీడ.

నీళ్ల గురించి ఒక అనుభవం చెప్తాను. పూసపాటిరేగ వైపు ఒక పెద్దావిడ నాకు ఫోన్ చేశారు. "ఏటి సేసినా తగ్గిపోతంది బాబూ, రోజూ కడుగుతన్నాను." వెళ్లి చూస్తే డాబా అద్దంలా ఉంది, ప్యానెళ్లు మాత్రం పాలు ఒలకబోసి తుడిచినట్టున్నాయి. వేలితో గీకితే గోటికి తెల్లటి పొడి వచ్చింది. రోజూ బోరు నీళ్లతో కడిగి తుడవకుండా ఎండకి వదిలేసేవారట. సముద్రం పక్క బోరు, ఉప్పదనం ఉన్న నీళ్లు. ఏడు నెలల శ్రద్ధంతా పొరలు పొరలుగా అద్దం మీద పేరుకుంది. వెనిగర్‌ని పదింతల నీళ్లలో కలిపి, గుడ్డ తడిపి పరిచి, కాసేపు నానబెట్టి తుడిస్తే చాలావరకు పోయింది. తర్వాత మంచినీళ్లతో ఫ్రేముతో సహా బాగా కడిగాం. ఆవిడ ఏమీ చెయ్యకుండా వదిలేసి ఉంటే వానలు ఇంతకంటే బాగా కడిగేవి. మీకు హిరమండలం నుంచి వచ్చే కుళాయి నీళ్లు ఉంటే రెండు బకెట్లు అవే వాడండి. ప్యానెళ్లకి అంతకంటే అక్కర్లేదు. బోరు నీళ్లు తప్పకపోతే కడిగిన వెంటనే రబ్బరు వైపర్‌తో లాగెయ్యండి.

ప్రెషర్ వాషర్ వద్దు. స్టీలు పీచు వద్దు. ప్యానెల్ మీద కాలు అసలే వద్దు. ఈ మూడోది నేను చేసిన తప్పు. పనిలో కొత్తలో, అవతలి మూలకి చెయ్యి అందక ఒక ప్యానెల్ మీద మోకాలు ఆనించాను. అద్దానికి ఏమీ కాలేదు, నేనూ మర్చిపోయాను. రెండేళ్ల తర్వాత అదే ఇంటికి వెళ్తే ఆ ప్యానెల్‌లో నత్త పాకిన జాడలాంటి గీతలు. లోపల సెల్ వెంట్రుకలా చీలింది. నా మోకాలే అని నాకు తెలుసు. ఆ ప్యానెల్ నా డబ్బుతోనే మార్చాను.

నీడ లేదు, మురికి లేదు అంటే ఇన్వర్టర్ మెమరీ చూడండి. మెనూలో ఎర్రర్ లాగ్ లేదా హిస్టరీ అని ఉంటుంది. అందులో "గ్రిడ్ ఓవర్ వోల్టేజ్" అని మధ్యాహ్నం పూట పదేపదే కనపడితే మీ ప్యానెళ్లకి ఏ జబ్బూ లేదు. లైన్లో వోల్టేజ్ 250 పైకి పోతే చాలా ఇన్వర్టర్లు తమంతట తామే ఆగిపోతాయి, తగ్గాక కాసేపటికి మళ్లీ మొదలవుతాయి. రోజుకి ఇలా ఏడెనిమిదిసార్లు ఆగితే మూడు యూనిట్లు పోవడం ఎంతసేపు? ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద సోలార్ ఇళ్లు పెరిగిన వీధుల్లో, మధ్యాహ్నం వాడకం లేని వేళ ఇది ఇప్పుడు తరచుగా చూస్తున్నాను. లాగ్‌ని ఫొటో తీసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి నమోదు చెయ్యండి, సెక్షన్ ఆఫీసులో కూడా కాగితం ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి వోల్టేజ్ తగ్గించడం వాళ్ల చేతిలో పని. ఈలోగా మోటారు, వాషింగ్ మెషీన్ మధ్యాహ్నానికి మార్చుకుంటే కొంత నయం. కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుందని మీకు తెలిసే ఉంటుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా పెట్టారు, అది లోపం కాదు.

ఇక మన తీరంలో నేను దుమ్ముకంటే ఎక్కువ భయపడేది ఉప్పుగాలికి. దుమ్ము పొదుపుని తినేస్తుంది, ఉప్పు ఏకంగా సామానునే తినేస్తుంది. సోంపేట దగ్గర ఒక ఇంట్లో మీలాగే యూనిట్లు తగ్గాయి. డీసీ స్విచ్ ఆపి, ప్యానెళ్ల కింద వేలాడుతున్న కనెక్టర్లు ఒక్కొక్కటీ పట్టుకు చూస్తే మూడో దాని ప్లాస్టిక్ ఉబ్బి ఉంది. విప్పితే లోపలి పిన్ను మీద పచ్చటి చిలుము, పక్కన బొగ్గులా నల్లగా. వేర్వేరు కంపెనీల మగ, ఆడ ముక్కలు బలవంతంగా కలిపి నొక్కారు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపల వదులు. ఆ వదులులో ఉప్పు తేమ చేరింది, నిరోధం పెరిగింది, వేడెక్కింది. ఇంకో వేసవి గడిచి ఉంటే అక్కడే నిప్పు అంటుకునేది. కింద ఎండు కొబ్బరి మట్టలు పేర్చి ఉన్నాయి.

ఇది మాత్రం మీరు విప్పకండి. ఆరు ప్యానెళ్లు వరసగా కలిస్తే 300 వోల్టుల దగ్గర డీసీ ఉంటుంది, ఎండ ఉన్నంతసేపూ ఉంటుంది, మెయిన్ ఆపినా ప్యానెల్ వైపు అలాగే ఉంటుంది. నడుస్తుండగా కనెక్టర్ లాగితే వచ్చే మెరుపు ఆగదు, చెయ్యి కాలుతుంది. మీరు చెయ్యాల్సింది చూడటం ఒక్కటే. వైర్లు డాబాకి ఆనుకుని నీళ్లలో నానుతున్నాయా, ఉడతో ఎలుకో కొరికిందా, ప్యానెల్ కింద పిచ్చుక గూడు పెట్టిందా, ఏ కనెక్టర్ అన్నా రంగు మారిందా. ఫొటోలు తీసి ఆ కంపెనీకి పంపండి. ఐదేళ్ల మెయింటెనెన్స్ అంటే ఇదే.

ప్యానెళ్లని మోసే ఇనప స్ట్రక్చర్ మాత్రం మీరే చూసుకోవచ్చు. జింకు పూత ఉన్న ఇనుము త్వరగా తుప్పు పట్టదు, కానీ బిగించేటప్పుడు కోసినచోట, బెజ్జం వేసినచోట ఆ పూత పోతుంది. తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. వైర్ బ్రష్షుతో గీకి జింక్ పెయింట్ రెండు కోట్లు వెయ్యండి. బోల్టులు స్టెయిన్‌లెస్ కాకుండా మామూలువి వాడి ఉంటే ఈపాటికి ఎర్రగా ఏడుస్తూ ఉంటాయి, మార్పించండి. ప్యానెళ్లని స్ట్రక్చర్‌కి పట్టి ఉంచే క్లాంపులన్నీ దసరా లోపు ఒకసారి స్పానర్‌తో బిగువు చూడాలి. ఎందుకో మీకు నేను చెప్పాలా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140 కిలోమీటర్లు దాటింది. ఆ తర్వాత నెల రోజులు నేను ఉద్దానంలోనే తిరిగాను. ఎగిరిపోయిన ప్యానెళ్లలో నేను చూసినవాటికి అద్దం బలహీనమై కాదు, క్లాంపు వదులై గాలికి దారి దొరికింది. ఒక మూల లేస్తే మిగతావి నిమిషాల్లో పోతాయి. తుఫాను హెచ్చరిక వస్తే ఇన్వర్టర్‌కి ఇంటి లైన్ వైపున్న ఏసీ స్విచ్ ముందు ఆపి, తర్వాత ప్యానెళ్ల వైపున్న డీసీ స్విచ్ ఆపండి, డాబా మీదకి వాలిన కొబ్బరి గెలలు దింపించండి.

పిడుగుల మాట కూడా. వేసవిలో ఎర్తింగ్ పిట్‌లో వారానికో బకెట్ నీళ్లు పొయ్యండి. ఎండిన మట్టికి పిడుగు కరెంటు దిగదు. గోడ మీద డబ్బాలో పిడుగు దెబ్బని అడ్డుకునే వేలెడంత ముక్క ఒకటి ఉంటుంది, దానికి చిన్న కిటికీ. ఆకుపచ్చ ఉంటే సరే, ఎర్రగా మారితే అది మీ ఇన్వర్టర్ బదులు తాను చచ్చిపోయిందని. వెంటనే మార్చాలి, రెండో పిడుగుకి అడ్డం ఎవరూ ఉండరు.

ఇన్వర్టర్ గురించి ఎక్కువ చెప్పను. పడమటెండ తగిలే గోడ మీద ఉంటే పైన ఒక రేకు వేయించండి, వెనక రెక్కల్లో బల్లులూ సాలెగూళ్లూ చేరితే పొడి బ్రష్షుతో దులపండి. ప్యానెళ్లకి పాతికేళ్లు, ఇన్వర్టర్‌కి పది పన్నెండేళ్లు. మధ్యలో ఒకసారి మార్చాల్సి వస్తుందని లెక్కలో ముందే వేసుకోండి. ఏఎంసీకి ఇద్దామనుకున్న 6,000 ఏటా పోస్టాఫీసులో వేస్తే ఆ రోజుకి ఎవరినీ అడగక్కర్లేదు.

వేసవి వచ్చాక మీరు మళ్లీ కంగారు పడతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను. మే నెల మిట్టమధ్యాహ్నం వాట్లు ఫిబ్రవరి కంటే తక్కువ చూపిస్తే అది రోగం కాదు. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. ఎండలో సెల్ 60కి పోతుంది, ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున పన్నెండు శాతం అక్కడే పోతుంది. చల్లబడుతుందని మధ్యాహ్నం నీళ్లు మాత్రం కొట్టకండి, పైన చెప్పానుగా.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది: రేపు పొద్దున్న తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి డాబా ఎక్కి ఆరు ప్యానెళ్లూ ఒకే ఫొటోలో వచ్చేలా మూడు ఫొటోలు తియ్యండి. ఇన్వర్టర్ ఎర్రర్ లాగ్ ఒకటి. ఆ నాలుగూ ఇక్కడ పెట్టండి. మూడు గంటల ఫొటోలో మట్ట నీడ కనపడితే మీ ఖర్చు చెట్టెక్కేవాడి కూలి ఒక్కటే.